అన్నం మానినా... ఇన్సులిన్ మానొద్దు!

టైప్-1 మధుమేహం ఉన్న చిన్నారి ఆసుపత్రికి వెళ్లేది నెలకో, మూణ్నెల్లకో ఒకసారి. మిగతా రోజులన్నీ ఇల్లే ఆసుపత్రి. అమ్మానాన్నలే నర్సులు. వంటగదే మందుల గది. అందుకే ఆ ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరికీ కొన్ని సంగతులు తెలిసి తీరాలి.

తెల్లవారుజామునే రెండు వాంతులయ్యాయి. ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది. ఎనిమిదేళ్ల పాప మంచం మీద ముడుచుకుని పడుకుంది. ఇడ్లీ వద్దంది. పాలు వద్దంది. ఏడున్నర అయ్యేసరికి తల్లి ఎప్పటిలాగే ఫ్రిజ్‌లోంచి ఇన్సులిన్ సీసా తీసింది. పక్కనే కూర్చున్న నాయనమ్మ మనసు ఒప్పుకోలేదు.

'పొద్దుట్నుంచీ పసిదాని కడుపులో మెతుకు లేదు. ఇవాళ్టికి ఆ సూది మానెయ్యమ్మా. ఉత్త కడుపున ఇస్తే షుగరు పడిపోదూ!'

తల్లికీ నిజమే కదా అనిపించింది. సీసా మళ్లీ ఫ్రిజ్‌లోకి వెళ్లిపోయింది. సాయంత్రానికి పాప ఆయాసపడుతోంది. కడుపునొప్పి అంటోంది. నోటి దగ్గర మాగిన పండు వాసన. పిలిస్తే మత్తుగా చూస్తోంది. ఆ రాత్రి ఆటోలో ఆసుపత్రికి... అక్కణ్నుంచి ఐసీయూకి.

ఈ ఇల్లు ఏ ఊళ్లోనైనా ఉండొచ్చు. టైప్-1 మధుమేహం ఉన్న పిల్లల ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి ఉదయం వస్తుంది. ఇందులో నాయనమ్మ తప్పేమీ లేదు. ఆవిడకూ షుగరే. 'తినకపోతే మాత్ర వేసుకోవద్దు' అని ఆవిడ డాక్టరు చెప్పిన మాట ఇరవై ఏళ్లుగా గుర్తు. ఆవిడ మాత్రకు అది సరైన సలహానే. మనవరాలి సూదికి మాత్రం ప్రాణం మీదికి తెచ్చే సలహా. పేరు ఒకటే అయినా రెండూ వేర్వేరు జబ్బులు. చిక్కంతా అక్కడే!

ఏమిటీ తేడా?

పెద్దవాళ్లకు ఎక్కువగా వచ్చే టైప్-2లో శరీరంలో ఇన్సులిన్ ఉంటుంది. కాకపోతే అది చాలదు, లేదంటే సరిగా పనిచెయ్యదు. టైప్-1 సంగతి వేరు. మన రోగనిరోధక వ్యవస్థే పొరబడి, క్లోమగ్రంథిలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల మీద దాడి చేస్తుంది. క్రమంగా ఆ కణాలు నశిస్తాయి. ఇన్సులిన్ ఊట దాదాపు ఎండిపోతుంది.

ఇన్సులిన్ లేకపోతే రక్తంలో ఎంత చక్కెర ఉన్నా కండరాల్లోకి, కొవ్వు కణాల్లోకి వెళ్లలేదు. చుట్టూ నీళ్లున్నా దాహంతో అల్లాడినట్టు, శరీరం ఆకలితో మాడుతుంది. అప్పుడది కొవ్వును కరిగించుకోవడం మొదలుపెడుతుంది. ఆ క్రమంలో కీటోన్లనే పదార్థాలు పుడతాయి. అవి పేరుకుపోతే రక్తం ఆమ్లంగా మారిపోతుంది. దీన్నే 'డయాబెటిక్ కీటోఅసిడోసిస్' అంటారు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, పండు వాసన... అన్నీ దాని గుర్తులే.

ఇక్కడే అసలు కిటుకుంది. మనం ఏమీ తినకపోయినా కాలేయం తనంతట తాను చక్కెరను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. జ్వరం వచ్చినప్పుడు శరీరంలో పెరిగే హార్మోన్ల వల్ల మరింత ఎక్కువగా వదులుతుంది. అంటే... పాప తినకపోయినా చక్కెర పెరగొచ్చు. ఇన్సులిన్ లేకుండా ఉపవాసం ఉంటే కీటోన్లు ఇంకా తొందరగా పుట్టుకొస్తాయి. కాబట్టే వైద్యులు పదేపదే చెబుతారు- జబ్బు చేసిన రోజు ఇన్సులిన్ మోతాదు మారవచ్చుగానీ, ఇన్సులిన్ పూర్తిగా మానెయ్యడమన్నది ఉండకూడదని.

స్వీట్లు తినడం వల్లో, అమ్మ ముద్దు చేయడం వల్లో ఈ జబ్బు రాదు. దాన్ని కొనితెచ్చుకున్నవాళ్లంటూ ఎవరూ ఉండరు. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021 నాటి అంచనా ప్రకారం మనదేశంలో ఇరవై ఏళ్లలోపు వాళ్లలో సుమారు 2.29 లక్షల మందికి టైప్-1 మధుమేహం ఉంది. ప్రపంచంలో మరే దేశంలోనూ ఇంతమంది లేరు.

గుర్తుపట్టడమెలా?

పక్క తడపడం మానేసిన పిల్లలు మళ్లీ తడుపుతుంటే... బిందెలు ఖాళీ చేసేంత దాహమంటుంటే... బాగా తింటూనే చిక్కిపోతుంటే... బడి నుంచి వచ్చి సోలిపోతుంటే... మూత్రం పోసిన చోట చీమలు పడుతుంటే... 'ఎండలకు కాబోలు', 'నులిపురుగులేమో' అనుకుని వారాలు గడపొద్దు. వేలి కొన నుంచి ఒక్క రక్తపు చుక్క తీసి చూస్తే చాలు, నిమిషంలో అనుమానం తేలిపోతుంది. ఈ లక్షణాలకు తోడు వాంతులు, ఆయాసం కూడా ఉంటే మర్నాటి దాకా ఆగకూడదు.

మాడ్చిన కాలమూ ఉంది

ఇన్సులిన్ రాకముందు వైద్యుల చేతిలో ఒకే ఒక ఆయుధం ఉండేది... పిల్లల్ని మాడ్చడం! అమెరికాలో ఫ్రెడరిక్ ఆలెన్ అనే వైద్యుడు ఈ పద్ధతికి పేరుపడ్డాడు. తిండి తగ్గిస్తే చక్కెర తగ్గేది. ప్రాణం కొన్నాళ్లు నిలిచేది. కానీ పిల్లలు ఎముకల గూళ్లయిపోయేవాళ్లు. అమెరికా విదేశాంగ మంత్రి చార్లెస్ ఇవాన్స్ హ్యూజ్ కూతురు ఎలిజబెత్‌కు 1919లో, పదకొండేళ్ల వయసులో ఈ జబ్బు బయటపడింది. మూడేళ్లు అర్ధాకలితో నెట్టుకొచ్చింది. 1922 ఆగస్టులో కెనడాలోని టొరంటోకు చేరేనాటికి దాదాపు పదిహేనేళ్ల ఆ అమ్మాయి బరువు సుమారు 20 కిలోలు!

అంతకు ముందు ఏడాదే టొరంటోలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ కలిసి ఇన్సులిన్‌ను వెలికితీశారు. 1922 జనవరి 11న లెనార్డ్ థాంప్సన్ అనే కుర్రాడికి మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు. అది అంత శుద్ధమైనది కాకపోవడంతో ఫలితం రాలేదు. జేమ్స్ కాలిప్ మరింత శుద్ధి చేసి ఇచ్చాక, అదే నెల 23న ఇచ్చిన మందు పనిచేసింది. ఆ మందే ఎలిజబెత్‌నూ కాపాడింది. బాంటింగ్ ఇచ్చిన ఇన్సులిన్‌తో ఆమె కడుపునిండా తిన్నది, బరువు పెరిగింది, చదువుకుంది, పెళ్లి చేసుకుంది, పిల్లల్ని కన్నది. 1981లో, డెబ్భై మూడేళ్ల వయసులో కన్నుమూసింది.

ఈ కథ ఎందుకంటే... ఇన్సులిన్ వచ్చి వందేళ్లు దాటినా మన ఇళ్లలో పిల్లల్ని మాడ్చే పద్ధతి ఇంకా పూర్తిగా పోలేదు. 'షుగరున్న పిల్లకు అన్నమేంటి?' అనే చుట్టాలకు కొదవ లేదు. అన్నట్టు బాంటింగ్ పుట్టినరోజు నవంబరు 14. అందుకే ఆ రోజు ప్రపంచ మధుమేహ దినం. మనకేమో అదే బాలల దినోత్సవం!

పళ్లెంలో ఏముండాలి?

టైప్-1 ఉన్న పిల్లలూ పెరిగే పిల్లలే. వాళ్ల ఈడు పిల్లలకు ఎంత శక్తి కావాలో వీళ్లకూ అంతే కావాలి. రోజు మొత్తం శక్తిలో సుమారు సగం పిండిపదార్థాల నుంచే రావచ్చు. మిగతాది పప్పులు, గుడ్లు, పాలు, చేపలు, మాంసం, గింజలు, నూనెల నుంచి. అంటే వేరే వంట అక్కర్లేదు. అందరూ తినే అన్నం, పప్పు, కూర, పెరుగు పాపకూ పెట్టొచ్చు. నిజానికి పాప కోసం ఆలోచించి వండుకునే తిండి ఇంటిల్లిపాదికీ మంచిదే.

తేడా ఒక్కటే... లెక్క! ముద్దలో పిండిపదార్థం ఎంతుందో తెలిస్తే దానికి తగ్గ ఇన్సులిన్ ఇవ్వొచ్చు. వండిన తెల్లన్నం వంద గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఇరవై గ్రాముల పిండితో చేసిన పుల్కాలో దాదాపు 14 గ్రాములు. చిన్న ఇడ్లీలో సుమారు 10 నుంచి 12 గ్రాములు. 200 మిల్లీలీటర్ల పాలల్లో 10 గ్రాములు. గుడ్డు, చేప, కోడికూరల్లో దాదాపు ఏమీ ఉండదు. ఆకుకూరల్లో చాలా తక్కువ. మొదటి రెండు నెలలు వంటింట్లో చిన్న త్రాసు పెట్టుకుంటే చాలు. ఆ తరవాత కళ్లకే కొలత అలవాటైపోతుంది. 'ఈ గరిటెతో రెండు గరిటెల అన్నం' అని ఇంట్లో అందరూ ఒకే గరిటె వాడినా లెక్క కుదిరిపోతుంది.

ఎన్ని గ్రాములకు ఒక యూనిట్ అన్నది పిల్లకూ పిల్లకూ మారుతుంది. ఒకే పిల్లకు పొద్దున ఒకలా, రాత్రి ఒకలా ఉండొచ్చు. ఆ లెక్క వైద్యులే కట్టివ్వాలి. పక్కింటి పిల్లాడి మోతాదు చూసి మార్చుకోకూడదు. రోజుకు రెండుసార్లు మిశ్రమ ఇన్సులిన్ తీసుకునే పిల్లలైతే తిండి వేళలు, మోతాదు రోజూ ఒకేలా ఉండేలా చూసుకోవాలి. మధ్యలో చిరుతిండి మానకూడదు.

'మరి రాగిసంకటి, జొన్నరొట్టె తింటే షుగరు రాదంటారే?' అని అడిగేవాళ్లుంటారు. పీచు, పోషకాల దృష్ట్యా రాగులు, జొన్నలు మంచివే. కానీ వాటిలోనూ వంద గ్రాములకు సుమారు 70 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. బియ్యంలో అది 78 దాకా ఉంటుంది. తేడా అంతే. వాటికీ లెక్క తప్పదు, ఇన్సులిన్ తప్పదు. పలచటి రాగిజావ అయితే ఇంకా త్వరగా అరిగి చక్కెరను పెంచుతుంది. అదే పప్పుతోనో, కూరతోనో కలిపి తింటే కాస్త నెమ్మదిస్తుంది. పెసరట్టులాంటివి ఈ విషయంలో మంచి నేస్తాలు.

సంక్రాంతికి అరిసెలు, ఉగాదికి బూరెలు... అందరూ తింటుంటే పాప ఒక్కతే గదిలో కూర్చోవాలా? అక్కర్లేదు. భోజనంతో పాటే ఒకటి పెట్టి, దాన్నీ లెక్కలో కలిపి ఇన్సులిన్ ఇస్తే సరి. ఇది ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. నూనెలో వేగినవి ఆలస్యంగా అరుగుతాయి కాబట్టి మూడు నాలుగు గంటల తరవాత మరోసారి చక్కెర చూడాలి. వద్దు వద్దంటే ఏమవుతుంది? అటక మీద డబ్బా మూత చప్పుడు కాకుండా తియ్యడం నేర్చుకుంటుంది. దొంగచాటున తిన్న అరిసెకు ఇన్సులిన్ ఉండదు!

సీసా... సిరంజి... సూది!

పెద్దగా ఎవరూ చెప్పని ప్రమాదం ఒకటుంది. మనదేశంలో సీసాల్లో దొరికే ఇన్సులిన్ చాలావరకు 40 యూనిట్ల రకం. అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు. పెన్నుల్లో వాడే కార్ట్రిడ్జ్‌లు మామూలుగా 100 యూనిట్ల రకం. సిరంజిలూ రెండు రకాలు. ఎర్రమూతది 40కి, నారింజ మూతది 100కి. అవి తారుమారైతే...? 40 రకం ఇన్సులిన్‌ను నారింజ మూత సిరంజితో 10 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది 4 యూనిట్లే. 100 రకాన్ని ఎర్రమూత సిరంజితో 10 గీత దాకా తీస్తే ఏకంగా 25 యూనిట్లు వెళ్లిపోతాయి. అందుకే మందుల షాపులో సీసా మీది అంకె, సిరంజి మీది అంకె... రెండూ చూసుకునే డబ్బివ్వాలి.

తెరవని ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రీజర్‌లో పెట్టకూడదు. ఒకసారి గడ్డకట్టిందంటే కరిగినా పనికిరాదు, పారెయ్యాల్సిందే. వాడుతున్న సీసా చాలా రకాలకు నాలుగు వారాల వరకు బాగుంటుంది. అయితే గది చల్లగా ఉండాలి. తెరిచిన తేదీని సీసా మీదే రాసిపెట్టుకోవడం మంచి అలవాటు. మరి ఫ్రిజ్ లేని ఇళ్లలో? రెంటచింతల ఎండల్లో, రామగుండం వేడిలో కరెంటు పోతే? మట్టికుండే దిక్కు. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టి, నీళ్లు దిగని పొట్లంలో ఇన్సులిన్ ఉంచి మూత పెట్టాలి. ఇసుకను తడుపుతుండాలి. నీడన, గాలి తగిలేచోట ఉంచితే బయటి వేడికన్నా లోపల కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది. ప్రయాణంలో కారు డ్యాష్‌బోర్డులో, బండి డిక్కీలో మాత్రం పెట్టొద్దు.

పొట్ట, తొడలు, పిరుదులు, చేతుల పైభాగం... సూది వేసే చోట్లు ఇవే. ప్రతిసారీ కనీసం వేలెడు దూరం జరపాలి. నొప్పి తెలియడం లేదని ఒకేచోట పొడుస్తుంటే అక్కడ కొవ్వు గడ్డలా కడుతుంది. అందులో వేసిన ఇన్సులిన్ ఎప్పుడు పనిచేస్తుందో, ఎంత పనిచేస్తుందో చెప్పలేం. 'మోతాదు పెంచినా షుగరు తగ్గట్లేదు' అనుకునే ఇళ్లలో ముందుగా తడిమి చూడాల్సింది ఈ గడ్డల్నే. పెన్నుతో వేశాక పది లెక్కపెట్టి సూది తియ్యాలి. తెల్లగా మబ్బుగా ఉండే రకం ఇన్సులిన్‌ను అరచేతుల మధ్య పది, ఇరవై సార్లు మెల్లగా దొర్లించాలి. గట్టిగా కుదపకూడదు. తేటగా ఉండాల్సిన ఇన్సులిన్‌లో మబ్బు కనిపిస్తే వాడొద్దు. వాడిన సూదుల్ని చెత్తబుట్టలో విసరకుండా గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, ఆసుపత్రిలో అప్పగించాలి. చెత్త ఏరుకునేవాళ్ల చేతులూ చేతులేగా!

చక్కెర పడిపోతే...

రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాములకన్నా తగ్గితే ఆలస్యం చెయ్యకూడదు. చెమటలు, వణుకు, ఆకలి, గుండెదడ, ఉన్నట్టుండి చిరాకు, మాట తడబడటం దాని గుర్తులు. చిన్నపిల్లలైతే ఊరికే మొండికేస్తారు. 'ఏం పొగరే నీకు!' అనే ముందు ఒకసారి వేలు గుచ్చి చూడాలి. మీటరు దగ్గర లేకపోయినా చక్కెర ఇచ్చెయ్యడమే మంచిది.

పెద్దపిల్లలకు సుమారు 15 గ్రాములు, అంటే మూడు చెంచాల చక్కెరో గ్లూకోజు పొడో నీళ్లలో కలిపి తాగించాలి. చిన్నవాళ్లకు ఇంకా తక్కువ చాలు. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడాలి. పెరగకపోతే మళ్లీ ఇవ్వాలి. పెరిగాక, భోజనానికి ఇంకా టైముంటే రెండు బిస్కెట్లో, ఓ పండో పెట్టాలి. ఈ పనికి చాక్లెట్, లడ్డూ పనికిరావు. వాటిలోని కొవ్వు చక్కెరను త్వరగా ఎక్కనివ్వదు.

స్పృహ తప్పినా, ఫిట్స్ వచ్చినా నోట్లో ఏమీ పొయ్యకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చెయ్యాలి. డాక్టరు రాసిచ్చిన గ్లూకగాన్ ఇంజెక్షన్ ఇంట్లో ఉంటే, వాళ్లు నేర్పిన ప్రకారం ఇవ్వాలి. సాయంత్రం బాగా ఆడి వచ్చిన రోజు చక్కెర అర్ధరాత్రి పడిపోయే అవకాశం ఉంది. ఆ రోజు పడుకోబోయే ముందు చూసుకోవడం తప్పనిసరి. చేతికి అంటించుకునే సెన్సర్లు చక్కెర పడిపోతుంటే మోగి లేపుతాయి. కాకపోతే వాటి ఖర్చు అందరికీ అందుబాటులో లేదు.

ఒళ్లు బాగాలేని రోజు

మళ్లీ ఆ నాయనమ్మ ప్రశ్న దగ్గరకే వద్దాం. జ్వరం, వాంతులు, విరేచనాలు ఉన్న రోజు ఏం చెయ్యాలి?

ఈ జాబితాను రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించుకోండి.

- ఇన్సులిన్ పూర్తిగా మానొద్దు. రోజంతా పనిచేసే ఇన్సులిన్ అసలే మానొద్దు. ఎంత తగ్గించాలో, ఎంత పెంచాలో డాక్టరుకు ఫోను చేసి అడగండి.
- రెండు మూడు గంటలకోసారి చక్కెర చూడండి. రాత్రయినా సరే.
- చక్కెర 250 దాటినా, వాంతులవుతున్నా కీటోన్లు చూడండి. మూత్రంలో ముంచి చూసే స్ట్రిప్పులు మందుల షాపుల్లో దొరుకుతాయి. తక్కువ చక్కెరతోనూ కీటోన్లు ఉండొచ్చు.
- గుక్క గుక్కగా ద్రవాలు ఇస్తుండండి. చక్కెర ఎక్కువుంటే మంచినీళ్లు, ఉప్పేసిన పలుచటి మజ్జిగ. తక్కువుంటే చక్కెర నీళ్లు, పళ్లరసం. విరేచనాలుంటే ఓఆర్ఎస్.
- అన్నం తినకపోతే గంజి, ఇడ్లీ, బ్రెడ్డు, ఏది సయిస్తే అది కొంచెం కొంచెంగా పెట్టండి.
- వాంతులు ఆగకపోయినా, నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, కీటోన్లు మధ్యస్థంగానో ఎక్కువగానో ఉన్నా, ఆయాసం, మత్తు, తీవ్రమైన కడుపునొప్పి ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

'తగ్గిపోయింది' అనే మాయ

ఇన్సులిన్ మొదలుపెట్టిన కొన్ని వారాలకు చాలామంది పిల్లల్లో ఓ చిత్రం జరుగుతుంది. మిగిలివున్న బీటా కణాలు కాస్త కోలుకుని మళ్లీ పనిచేస్తాయి. మోతాదు బాగా తగ్గిపోతుంది. వైద్యులు దీన్ని 'హనీమూన్ దశ' అంటారు. కొన్ని వారాలు, కొన్నిసార్లు నెలల తరబడి ఉంటుంది. ఆ తరవాత పోతుంది.

సరిగ్గా ఈ సమయంలోనే ఎవరో చెప్పిన పసరు మందు ఇంట్లోకి వస్తుంది. తగ్గుతున్న మోతాదు చూసి 'మందు పనిచేసింది' అనుకుంటారు. ఇన్సులిన్ ఆపేస్తారు. దశ ముగిశాక పిల్లలు ఐసీయూలో తేలుతారు. అందరూ తిరిగి రారు. కాకరరసం, మెంతులు, తిప్పతీగ... ఏదీ ఇన్సులిన్‌కు బదులు కాదు. తగ్గిపోయిందని ఎవరు చెప్పినా నమ్మి సూది ఆపకూడదు.

బడిలో... బయట!

బ్యాగులో మీటరు, గ్లూకోజు పొడి, ఫోను నంబర్లు రాసిన కార్డు ఎప్పుడూ ఉండాలి. క్లాసు టీచరుకు, పీఈటీ మాస్టారుకు, పక్కన కూర్చునే స్నేహితురాలికి విషయం చెప్పి తీరాలి. దాచిపెడితే, పాప బెంచీ మీద వాలిపోయినప్పుడు అందరూ నిద్రనుకుంటారు. పాఠం మధ్యలోనైనా తినడానికి, బాత్రూముకు వెళ్లడానికి అనుమతి అడిగి పెట్టుకోవాలి. పరీక్షల సంగతీ అంతే. టైప్-1 ఉన్న విద్యార్థులు బోర్డు పరీక్ష హాల్లోకి తినుబండారాలు తీసుకెళ్లేందుకు సీబీఎస్ఈ 2017లోనే అనుమతిచ్చింది. ఏ బోర్డు పరీక్ష అయినా నెల ముందే డాక్టరు సర్టిఫికెట్‌తో హెడ్మాస్టరును కలిస్తే మంచిది.

టీనేజీకి వచ్చేసరికి అసలు కథ మొదలవుతుంది. హార్మోన్ల వల్ల చక్కెర అదుపు తప్పుతుంది. స్నేహితుల ముందు సూది వేసుకోవడానికి సిగ్గు. మీటరులో 320 కనిపించగానే 'ఏం తిన్నావ్?' అని తిడితే, రేపట్నుంచి పుస్తకంలో 140 అని రాస్తారు! నంబరు మార్కుల కార్డు కాదు. తరవాత ఏం చెయ్యాలో చెప్పే సమాచారం మాత్రమే. 'ఎంతుంది? సరే, ఇప్పుడేం చేద్దాం?' అని అడిగే ఇంట్లో పిల్లలు అబద్ధం రాయాల్సిన అవసరం రాదు.

ఆడపిల్లల ఇళ్లలో 'బయట తెలిస్తే రేపు పెళ్లవుతుందా?' అన్న బెంగ ఒకటి. దాచి చేసిన పెళ్లిలో ఆ అమ్మాయి సూది కూడా దాక్కునే వేసుకోవాలి. కొన్నాళ్లకు మానెయ్యాల్సి వస్తుంది. అంతకన్నా ప్రమాదం మరొకటి లేదు. చక్కెర అదుపులో ఉంచుకుని, గర్భానికి ముందునుంచే వైద్యుల సలహా తీసుకుంటే టైప్-1 ఉన్న మహిళలు ఆరోగ్యంగా తల్లులవుతున్నారు. ఎలిజబెత్ హ్యూజ్ కథ వందేళ్ల కిందటే ఆ సంగతి చెప్పింది.

మూణ్నెల్లకోసారి హెచ్‌బీఏ1సీ, డాక్టరు చెప్పిన వయసు నుంచి ఏటా కళ్లు, మూత్రపిండాల పరీక్షలు, అప్పుడప్పుడు థైరాయిడ్... ఇవన్నీ క్యాలెండరులో రాసిపెట్టుకోవాల్సిన తేదీలు. మనదేశానికి తగ్గట్టుగా టైప్-1 చికిత్సా మార్గదర్శకాలను భారత వైద్య పరిశోధన మండలి 2022లో విడుదల చేసింది. కాబట్టి పెద్ద ఊళ్లకు పరుగెత్తలేని కుటుంబాలు కూడా దగ్గర్లోని పిల్లల డాక్టరుతో ఈ విషయాలు ధైర్యంగా మాట్లాడొచ్చు.

మళ్లీ జ్వరమొస్తే...

ఆ పాప నాలుగో రోజున ఐసీయూ నుంచి బయటికొచ్చింది. డిశ్చార్జి చేసేముందు నర్సు తల్లిని, తండ్రిని, నాయనమ్మను కూడా కూర్చోబెట్టి అరగంట మాట్లాడింది. నాయనమ్మ ఏమీ అనలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంది, అంతే.

చలికాలంలో పాపకు మళ్లీ జ్వరమొచ్చింది. మళ్లీ వాంతి. మళ్లీ ఇడ్లీ వద్దంది. తల్లి లేచేసరికే నాయనమ్మ కళ్లజోడు పెట్టుకుని ఫ్రిజ్ తలుపు మీది కాగితం చదువుతోంది.

'ఏమ్మా, స్ట్రిప్పు చూశావా? డాక్టరుగారికి ఫోను చెయ్యి. సూది ఎంతెయ్యాలో అడుగు. ఈలోగా దానికి నేను మజ్జిగ పడతాను.'

ఆ రోజు ఆ ఇంటి ముందు ఆటో ఆగలేదు. సాయంత్రానికి పాప మంచం మీద కూర్చుని, పెరుగన్నం కావాలని అడిగింది.